పులి లేని ఫ్లెక్సీ

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఎవరు పుట్టినా, ఎవరి పెళ్లి కుదిరినా, ఎవరు ఎలక్షన్లో నిలబడినా, చివరికి ఎవరు కన్నుమూసినా, ఆ సంగతి సారంగపాణి చేతి మీదుగా పోవలసిందే. ఆయన పురోహితుడు కాదు, లీడరు అంతకన్నా కాదు. ఫ్లెక్సీలు ప్రింటు చేస్తాడు. మనిషి పుట్టిన కబురు ఇంట్లోవాళ్లకు తెలిసినా తెలియకపోయినా, నిలువెత్తు ఫ్లెక్సీ లేచిందంటే ఊరికి తెలిసినట్టే లెక్క.

ఆయన ఫ్లెక్సీకి రెండు నియమాలుండేవి. ఒకటి, మనిషి వెనక పులి ఉండాలి. రెండు, కింద జాగా ఖాళీగా ఉండకూడదు.

పులి ఎందుకయ్యా అంటే, "పులి లేకుంటే మనిషి ఒక్కడే అయిపోయినట్టు కొడ్తది" అనేవాడు. పక్క వీధిలో రిటైరైన లెక్కల సారు పోయినప్పుడు శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో కూడా వెనక పులిని నిలబెట్టాడు. ఆ సారు బతికున్నన్నాళ్లూ పిల్లి ఎదురైనా కుర్చీ ఎక్కేవాడు. అయినా ఇంటివాళ్లు ఆ బొమ్మ చూసి కడుపారా ఏడ్చి, పదో రోజుకు ఇంకోటి పెద్ద సైజులో వేయించుకున్నారు.

ఇక కింది జాగా. అక్కడ శుభాకాంక్షలు తెలిపేవాళ్ల మొహాలు గుండ్రాల్లో వరసగా వస్తాయి. అసలు విద్య అంతా ఆ గుండ్రాల్లోనే ఉంది. ఎవరి గుండ్రం పెద్దది, ఎవరిది చిన్నది, ఎవరు నడుమ, ఎవరు అంచున అనే దాని మీద ఈ ఊళ్లో తలకాయలు పగిలాయి. హాఫ్ శారీ ఫంక్షన్‌లో తన గుండ్రం పిల్ల పెదనాన్న గుండ్రం కన్నా రవ్వంత చిన్నదైందని, ఆకులో వడ్డించిన మటన్ ముట్టకుండా లేచిపోయిన మేనమామలున్నారు. సారంగపాణి మనిషిని చూడగానే గుండ్రం సైజు చెప్పేసేవాడు. ఎవరినైనా కొత్తగా పరిచయం చేస్తే నమస్తే పెడుతూనే మనసులో గుండ్రం గీసుకునేవాడు.

ఇంత విద్య ఉన్నవాడు ఇంట గెలవలేకపోయాడు. ఆ సంగతి చెప్పాలి.

ఆయనకు ఒక్కతే కూతురు, కావ్య. ఇంజనీరింగ్ ఎంట్రెన్సులో ఆ పిల్లకు మంచి ర్యాంకు వచ్చింది. ఇంకేముంది, కన్నతండ్రి చెయ్యి ఊరుకుంటుందా? చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ లేపాడు. నడుమ సింహాసనం మీద రెండు జడల కావ్య. సొంత బిడ్డ కదా, వెనక ఒక పులి చాలదని రెండు పులులు. అటూ ఇటూ ఏనుగులు తొండాలతో పూలు చల్లుతూ ఉంటాయి. కింద ముప్పై చిల్లర గుండ్రాల్లో చుట్టపక్కాలంతా. కావ్య పది రోజులు చౌరస్తా వైపు రాలేదు, మొహానికి చున్నీ కట్టుకుని సందుల్లోంచి తిరిగింది. అక్కడితో అయిపోతే బాగుండేది.

కానీ ఫ్లెక్సీకి రెండో జన్మ ఉంటుంది. గాలివానకు కూలిన ఫ్లెక్సీని ఎవరు పట్టుకుపోతారో, ఎక్కడ కప్పుతారో బ్రహ్మకు కూడా తెలియదు. వడ్ల కుప్ప మీద పడొచ్చు, ఇటుక బట్టీ మీద పడొచ్చు. కావ్య ఫ్లెక్సీ పోయి పోయి ధర్మసాగర్ పోయే రోడ్డు పక్కన ఒక బర్ల కొట్టానికి పైకప్పయింది. రోజూ కాలేజీ బస్సు వెళ్లేది ఆ రోడ్డు మీదే. బస్సు ఆ మలుపు తిరగడం ఆలస్యం, పిల్లలంతా సీట్లలోంచి లేచి, "జై బర్లమ్మ తల్లీ!" అని చేతులెత్తి దండం పెట్టేవారు. డ్రైవరు కూడా హారన్ కొట్టేవాడు.

కావ్య ఇంటికొచ్చి ఏడ్చింది. అప్పుడు సారంగపాణి ఓదార్చాల్సింది పోయి, కళ్లు మెరిపిస్తూ, "వానకాలం మొత్తం తడిసినా చినగలే చూసినవా బిడ్డా? మన మాల్ అసొంటిది!" అన్నాడు. ఆ రోజు నుంచి కావ్య ఆయన్ను బాపూ అని పిలవడం మానేసింది. ఏదైనా చెప్పాల్సి వస్తే తల్లితో, "అమ్మా, ఆయన్ను బువ్వకు రమ్మను" అనేది. ఆయన ఎదురుగానే కూచుని ఉండేవాడు. రెండేళ్లు అట్లాగే గడిచాయి. ఊరందరి పుట్టినరోజులకూ పులులను తోలుతూనే ఉన్నాడు గానీ, సారంగపాణి లోపల మాత్రం ఆ ఒక్క పిలుపు కోసం పసిపిల్లాడిలా ఎదురుచూసేవాడు.

ఇట్లా ఉండగా, భార్య శోభారాణి ఒక ఆదివారం పైగది ఊడ్చి వచ్చి కొంగు చాటున ఏదో తెచ్చి చూపించింది. పాచిక. అది కూడా మామూలు పాచిక కాదు, ఇరవై ముఖాలున్నది.

"నీ బిడ్డ జూదం ఆడ్తాంది," అంది శోభారాణి గుసగుసగా. "ఆరు ముఖాలది సాలక ఇరవై ముఖాలది తెచ్చిన్రు. ఎంత ముదిరిందో సూడు."

సారంగపాణి గుండె చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు. పైగదిలో కావ్య, ఆమె క్లాసు పిల్లలు భరత్, శశాంక్, లావణ్య చాప మీద గుండ్రంగా కూచుని ఉన్నారు. పైసలు కనబడలేదు. పేకలు కనబడలేదు. లావణ్య మాత్రం కళ్లు పెద్దవి చేసి, "నేను కత్తి పట్టుకొని గుహలకు పోతాన" అంటోంది.

"ఏ గుహ బిడ్డా? పాండవుల గుట్టనా?" అన్నాడు సారంగపాణి గుమ్మంలోంచి.

పిల్లలు నవ్వారు. కావ్య నవ్వలేదు. భరత్ నెమ్మదస్తుడు, లేచి నిలబడి చెప్పాడు. "ఇది పైసల ఆట గాదు అంకుల్. కావ్య ఒక కథ మొదలువెడ్తది. మేం అండ్ల మనుషులం. ఒకడు దొంగ, ఒకడు మంత్రగాడు, గట్ల. మేమేం జేస్తమో మేం చెప్తం. అది అయితదా గాదా అన్నది పాచిక చెప్తది."

"మరి గెలిచేదెవలు?"

"ఎవలు గెలువరు అంకుల్. కథ నడుస్తది."

గెలుపు లేని ఆటకు ఆదివారం మొత్తం పాడు చేసుకోవడం సారంగపాణికి విచిత్రంగా అనిపించింది. అయినా కూతురు అంత హుషారుగా మాట్లాడుతుంటే వినాలనిపించి మెట్ల మీదే కూలబడ్డాడు. అక్కడి నుంచి ఆయనకు ఆట పద్ధతి కొంచెం అర్థమైంది. కావ్య ముందుగా ఒక బొమ్మ చాప మీద పెడుతుంది. అందరూ దాన్ని చూస్తారు. ఇదేం జాగా, ఈ తలుపు వెనక ఏముంది, ఈ పొగ ఎక్కడిది అని ఒక్కొక్కరు అడుగుతారు. ఆ అడగడంలోంచే కథ మొలుస్తుంది. కానీ ఆ రోజు కావ్య బొమ్మ పెట్టగానే శశాంక్ మూతి ముడిచాడు.

"మల్ల మంచు కోటనేనా?" అన్నాడు. "నెట్టుల దొరికేటియన్ని గివే. ఈడ ఫ్యాను కింద గూడ చెమటలు కారుతానయ్, మంచు కోటకు ఎట్ల పోతం కావ్యా? దాని మీద మల్ల గా రెక్కల పామొకటి. వచ్చే ఆదివారం నేను క్రికెట్‌కు పోత."

లావణ్య అయితే ఫోన్ తీసింది. కావ్య మొహం వాడిపోయింది. మెట్ల మీది తండ్రి అది చూశాడు.

మర్నాడు కావ్య, ఇంటి ముందు గదిలోనే ఉన్న షాపుకు వచ్చింది. రెండేళ్లలో మొదటిసారి. తండ్రి వైపు చూడకుండా, ప్రింటింగ్ మిషన్‌తో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఒక బొమ్మ గావాలె. అండ్ల మనుషుల మొఖాలు ఉండొద్దు. ఒక్కటి గూడ. చూడంగనే, ఇదెక్కడ, ఈడేమైంది అని అడగబుద్ధి గావాలె."

"పులి..."

"పులి వద్దు."

సారంగపాణి కంప్యూటర్లో పులుల ఫైలు మూసేశాడు. "అట్లనే బిడ్డా. జర టైం ఇయ్యి, చూడు ఎట్ల చేస్తనో."

వారం రోజులు ఆయన గిరాకీని పక్కనబెట్టి ఆ బొమ్మ మీద కూచున్నాడు. ఖిలా వరంగల్ రాతి తోరణం ఫొటో తీసుకున్నాడు. పిల్లలందరూ బడి పిక్నిక్‌కు పోయి పులిహోర తిని వచ్చిన జాగానే. కానీ తోరణం అవతల ఈయన సముద్రం పెట్టాడు. తోరణం మీది నుంచి ఆకాశంలోకి మెట్లు పెట్టాడు. మెట్లు ఎక్కడికీ పోవు, సగంలో ఆగిపోతాయి. ఆగిన చోట ఒక జత చెప్పులు విడిచి ఉంటాయి. చేసిన తర్వాత ఆయనకే ఒళ్లు జలదరించింది. ఆ చెప్పులు ఎవరివో ఆయనకే తెలియదు.

శనివారం ప్రింటు కొట్టేటప్పుడు బామ్మర్ది వీరభద్రం ఫోన్ చేశాడు. శోభారాణి పుట్టిన ఊళ్లో బొడ్రాయి పండుగ ఫ్లెక్సీ సారంగపాణే వేశాడు, అది బాగా వచ్చిందని చెప్పడానికి. అవునా, అట్లనా అని ఫోన్లో మాట్లాడుతూ ఈయన మిషన్ పని పూర్తిచేశాడు. చుట్ట చుట్టి, ఆదివారం పైగదికి తీసుకుపోయి, పిల్లల ముందు గర్వంగా విప్పాడు.

కింద వరసగా పన్నెండు గుండ్రాలు. వాటిలో పన్నెండు మొహాలు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నోరు బామ్మర్దితో మాట్లాడుతుంటే, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. కింద ఖాళీ జాగా కనబడగానే బొడ్రాయి పండుగ ఫ్లెక్సీలోని అత్తగారి ఊరి పెద్దమనుషులందరినీ తెచ్చి అక్కడ దింపేసింది.

కావ్య మొహం ఎర్రబడింది. నోరు తెరవబోయింది. అంతలోనే భరత్ బొమ్మ మీదికి వంగి అడిగాడు. "ఈ పన్నెండు మంది ఎవలు?"

"తలకాయలే ఉన్నయ్. ఒళ్లు ఎటు పోయినయ్?" అంది లావణ్య, ఫోన్ పక్కన పెట్టి.

"గీ కూలింగ్ గ్లాసులాయన గుండ్రం అందరికన్న పెద్దగున్నది," అన్నాడు శశాంక్. "గీనే రాజు. గీ అంచుకున్న చిన్న గుండ్రపోడు ఎందుకో భయపడ్డట్టున్నడు. ఏదో దాస్తాండు."

కావ్య తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచింది. కాసేపటికి నెమ్మదిగా, గొంతు మార్చి చెప్పసాగింది. "వీళ్లు ఆ దర్వాజకు కావలి. సముద్రం వీళ్ల ఒళ్లను మింగింది, తలకాయలను మిగిల్చింది. తాళపుచెయ్యి ఎవని దగ్గరున్నదో ఎవనికి తెల్వది..."

ఆ రోజు చీకటి పడేదాకా ఆట నడిచింది. చిన్న గుండ్రంవాడు తాళంచెవి మింగేశాడని తేలింది. క్రికెట్ మాట శశాంక్ మళ్లీ ఎత్తలేదు. కావ్య తండ్రిని పిలవలేదు గానీ, కిందికి దిగేటప్పుడు ఆయన పక్కనుంచి విసురుగా పోకుండా మామూలుగా నడిచి పోయింది. సారంగపాణికి అదే పండుగ.

పండుగ వారానికి మించి నిలవలేదు. మరుసటి ఆదివారం వీరభద్రం అక్కకు చిక్కుడుకాయలు తెచ్చాడు. పొలం మనిషి, మంచివాడు, మేనకోడలంటే ప్రాణం. పైన పిల్లల అరుపులు విని, చూసొద్దామని ఎక్కాడు. గోడకు తోరణం బొమ్మ. కింద అంచున, అందరికన్నా చిన్న గుండ్రంలో, గొంతు గుండీ కూడా పెట్టుకుని బిగుసుకున్న తన మొహం. పిల్లలు సరిగ్గా ఆ మొహం కడుపు కోసి తాళంచెవి తీయాలా వద్దా అని తగువులాడుకుంటున్నారు.

కావ్య భయపడిపోయి సంగతంతా చెప్పింది. ఇది ఊహల రాజ్యమనీ, నిజం కాదనీ, ఏమీ అనుకోవద్దనీ. వీరభద్రం అంతా విన్నాడు. కిందికి దిగి బావ ముందు నిలబడ్డాడు.

"తాళం మింగినోడన్నరు, పర్వాలేదు. కడుపు కోస్తమన్నరు, అదీ పర్వాలేదు. పిల్లల ఆట. కని బావా, నా గుండ్రం గింత చిన్నగేంది?"

"అరే, బొడ్రాయి ఫ్లెక్సీల నువ్వు చందా ఇచ్చినోళ్ల వరసల ఉన్నవురా. గందుకే..."

"అది ఊరి లెక్క. ఇది ఇంటి రాజ్యం. మేనకోడలి రాజ్యంల మేనమామది చీమతలకాయంత గుండ్రమా?" కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకు. చిక్కుడుకాయల సంచి అక్కడే పెట్టి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఆ కబురు అత్తగారి ఊళ్లోకి ఎట్లా పోయిందో గానీ, మూడో ఆదివారానికి షాపు ముందు జనం. కూలింగ్ గ్లాసుల పెద్దమనిషి హరికృష్ణ, పాత సర్పంచి, కారులో వచ్చాడు. తనను రాజును చేశారని విని ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. పైగదిలో కుర్చీ వేయించుకుని కూచుని, "రాజ్యం ఎన్ని ఎకరాలుంటది?" అని అడిగాడు. సముద్రం ఉందని చెబితే, "అయితే చాపల టెండరు పెట్టాలె" అన్నాడు. పన్నెండు మందిలో లేనివాళ్లు, మమ్మల్నెందుకు వేయలేదని వచ్చారు. ఉన్నవాళ్లు, పై వరసకు మార్చమని వచ్చారు. ఒకాయన తన ఫొటో బాగాలేదని ఫొటో మార్పించడానికి కొత్త మీసంతో వచ్చాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని రాజ్యంలో సీట్ల కోసం ఉన్న మనుషులు చొక్కాలు పట్టుకున్నారు.

ఆటకు చోటే లేకుండా పోయింది. శశాంక్ దొంగగా దర్వాజ దాటబోతే, హరికృష్ణ కుర్చీలోంచి, "ఆగు పిలగా, నన్ను అడుగకుండ ఎట్ల పోతవ్?" అనేవాడు. పాచిక వెయ్యబోతే చెయ్యి పట్టుకునేవాడు. రాజు ఉండగా పాచికకు విలువేమిటని ఆయన వాదన.

కావ్య ఆ సాయంత్రం షాపు గుమ్మంలో నిలబడి, మళ్లీ మిషన్ వైపు చూస్తూ చెప్పింది. "వచ్చే ఆదివారానికి ఇంకో బొమ్మ గావాలె. అండ్ల ఒక్క మొఖం కనవడ్డా ఆట బంద్. నేను బట్టలు సదురుకొని హాస్టల్‌కు పోత. ఇగ ఈ ఇంట్ల ఉండ."

ఆమె అట్లా వెళ్లిందో లేదో శోభారాణి వంటింట్లోంచి వచ్చింది. "వచ్చే ఆదివారానికి మా తమ్ముని గుండ్రం పెద్దగ రావాలె. లేకుంటే పొయ్యి ముట్టియ్య. వాడు అన్నం తింటలేడంట."

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. సారంగపాణి ఒక రాత్రి ఆలోచించి, పొయ్యి ముట్టకపోయినా ఫికర్ లేదు, హోటల్ ఇడ్లీ తిని బతుకుతాను గానీ బిడ్డ ఇల్లు దాటకూడదు అనుకున్నాడు. బయటకు ఆ మాట అనే ధైర్యం లేక, శోభారాణికి తలూపాడు.

కంప్యూటర్ ముందు కూచున్నాడు. ఎడారి పెట్టాడు, పాడుబడ్డ ఓడ పెట్టాడు. కిందికి చూస్తే ఐదు గుండ్రాలు. అవి తుడిచాడు. కుడి చెయ్యి కింద పెట్టుకుని, దాని మీద కూచుని, ఎడమ చేత్తో మళ్లీ చేశాడు. ఈసారి కింద శుభ్రంగా ఖాళీ. హమ్మయ్య అనుకుని తలెత్తి చూస్తే, ఓడ మీద పులి కూచుని ఉంది. ఎప్పుడు ఎక్కిందో ఆయనకు తెలియదు. కంప్యూటర్ ఆపేసి, తల పట్టుకున్నాడు. "నా చెయ్యి నా బిడ్డకు పగదైంది" అనుకుని నిజంగానే ఏడ్చాడు.

ఏడ్చాక బుర్ర తేటపడింది. కొత్త బొమ్మ చేతకాకపోతే పోనీ, పాత బొమ్మ సంగతి చూడొచ్చు కదా. ఏ బొమ్మ వల్ల ఇదంతా మొదలైందో అది ఇంకా బర్ల కొట్టం మీదే ఉంది. రెండేళ్లలో ఒక్కసారైనా పోయి దాన్ని దింపాలన్న తెలివి తనకు రాలేదు. తన మాల్ గట్టితనం చూసి మురిసిపోతూ కూచున్నాడు. ఆదివారం పొద్దున్నే కొత్త టార్పాలిన్ కొని, స్కూటర్ మీద ధర్మసాగర్ దారి పట్టాడు.

కొట్టం సమ్మమ్మ అనే ముసలామెది. పాలు పిండి అప్పుడే లేస్తోంది. సంగతి విని పైకి చూసింది.

"నీ బిడ్డనా ఈ పిల్ల? మంచి పిల్ల కొడుకా. రెండేండ్లు ఒక్క సినుకు రానియ్యలే. పొద్దుగాల లేసి దీని మొఖం చూసే పాలు పిండుతుంటి. పోంగ పోంగ మొఖమే పోయింది గని."

"మొఖం పోవుడేందమ్మా?"

"నువ్వే ఎక్కి చూడు."

సారంగపాణి ఎక్కి విప్పాడు. ఫ్లెక్సీ రంగుల గుణం ఆయనకు తెలియనిది కాదు. ఎండకు ముందు ఎరుపు, పసుపు పోతాయి. నలుపు, నీలం ఆఖరుదాకా మొండికేస్తాయి. తెలిసినా, ఇట్లా ఎన్నడూ చూడలేదు, ఎందుకంటే ఏ ఫ్లెక్సీ మొహాన్నైనా ఆయన ప్రింటు రోజునే చూసేవాడు. చూసినవాడు చూసినట్టే తాళ్లు కోసి, చుట్ట చుట్టి, సమ్మమ్మకు కొత్త టార్పాలిన్ కట్టి ఇల్లు చేరాడు. ఆయన దగ్గరా చుట్ట దగ్గరా పేడ వాసన గుప్పుమంటోంది.

పైగదిలో పిల్లలు ఎదురుచూస్తున్నారు. హరికృష్ణ కుర్చీలో ఉన్నాడు. తమ్ముడి గుండ్రం చూపించడానికి శోభారాణి వీరభద్రాన్ని బతిమాలి పిలిపించింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు.

"కొత్త బొమ్మ చెయ్యలేకపోయిన," అన్నాడు సారంగపాణి, కూతురి ముందు చుట్ట దింపి. "నా చెయ్యి నా మాట ఇంటలేదు బిడ్డా. ఇది మాత్రం దింపుకొచ్చిన. గప్పుడే దింపాల్సింది. నువ్వే నీ చేత కాలవెట్టు."

భరత్, శశాంక్ చెరో కొస పట్టుకుని విప్పారు. అది గది చాలక మెట్ల దాకా పరుచుకుంది.

అంతా నీలం. సింహాసనం నీలం, ఏనుగులు నీలం. వాటి తొండాల్లోంచి రాలుతున్న పూలు పోయి, తెల్లటి చుక్కలు మిగిలాయి. రెండు నీలం పులులు వానమరకల వెనక నుంచి చూస్తున్నాయి. సింహాసనం మీద రెండు జడలు, రెండు కళ్లు ఉన్నాయి. నడుమ మొహం లేదు. కింద ముప్పై చిల్లర తెల్లటి గుండ్రాలు, పున్నమి చంద్రుళ్లను వరసగా పేర్చినట్టు. ఒక్కోదానిలో ఒక మీసమో, ఒక కళ్లజోడో మాత్రం మిగిలింది. ఒక మూల బర్రె నాకిన చోట పూర్తిగా తెల్లబడిపోయింది.

రోజూ బస్సులోంచి దండం పెట్టిన ముగ్గురిలో ఒక్కరు కూడా దాన్ని గుర్తుపట్టలేదు. వాళ్లు చూసింది మొదట్లో రంగులున్నప్పటి బొమ్మను, తర్వాత తర్వాత మలుపు చూసి మొక్కడమే గానీ బొమ్మను చూసిందెవరు?

"ఇదెక్కడ?" అన్నాడు శశాంక్ చివరికి, గొంతు తగ్గించి.

"రాణి మొఖం ఎవలు ఎత్తుకపోయిన్రు?" అంది లావణ్య.

"ఇన్ని చందమామలెందుకున్నయ్?" అన్నాడు భరత్. "వాటికి మీసాలెందుకున్నయ్?"

హరికృష్ణ ముందుకు వంగి తన గుండ్రం కోసం వెతికాడు. అందులో ఆయన లేడు, అది ఆయన ఊరి ఫ్లెక్సీ కాదు. కాసేపు చూసి, కూలింగ్ గ్లాసులు తీసి జేబులో పెట్టుకుని, కుర్చీ దిగి పిల్లల పక్కన చాప మీద కూచున్నాడు. వీరభద్రం మాత్రం గుమ్మం దగ్గర నుంచే కేకేశాడు. "అక్కా, నడుమ సూడు! గా పెద్ద గుండ్రం! గది నా మీసమే!" నిజమే. ఆడపిల్ల ర్యాంకు ఫ్లెక్సీలో మేనమామ గుండ్రానికి మించిన గుండ్రం ఉండదు. సారంగపాణి రెండేళ్ల కిందటే బామ్మర్దికి అందరికన్నా పెద్ద చందమామను ఇచ్చాడు. వీరభద్రం కండువాతో కళ్లు తుడుచుకుని, "అక్కా, ఇంట్ల బువ్వ ఉన్నదా?" అని అడిగాడు.

కావ్య ఇంకా ఆ బొమ్మ వైపే చూస్తోంది. వంగి, మొహం ఉండాల్సిన తెల్ల జాగాను వేలితో తాకింది. తర్వాత చాప మీద కూచుని, పాచిక చేతిలోకి తీసుకుంది.

"ఇది మొఖం లేని రాణి రాజ్యం," అంది. "ఈడికి వచ్చినోళ్లు తిరిగిపోయేది లేదు. ఈ రాజ్యంల ఒక బొమ్మలు గీసేటోడు ఉన్నడు. వాన్ని ఇయ్యాల దర్బారుకు పిలిచిన్రు." తలెత్తింది. "బాపూ, గట్ల నిలబడ్డవేంది? వచ్చి కూసో."

భరత్ జరిగి చోటిచ్చాడు. సారంగపాణి పేడ చేతులు పంచెకు తుడుచుకుని కూచున్నాడు.

"రాణి ముందట నిలబడ్డవ్," అంది కావ్య. "చేతిల రంగులున్నయ్. మొఖం జాగ ఖాళీగున్నది. చందమామలన్ని నిన్నే చూస్తానయ్. ఏం జేస్తవ్?"

ఆయన ఆ తెల్ల జాగాను చూశాడు. చాలాసేపు చూశాడు. కుడి చెయ్యి దానంతటదే లేవబోతే ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"ఏం గియ్య," అన్నాడు. "ఎట్లున్నది అట్లనే ఉంచుత. ఖాళీగ."

కావ్య పాచిక ఆయన అరచేతిలో పెట్టింది.

"గది నీకు అల్కటి పని గాదు బాపూ. పాచిక వెయ్యాలె."

"ఎంత పడాలె?"

"ఇరవై."

సారంగపాణి కళ్లు మూసుకుని, ఇలవేల్పును తలుచుకుని వేశాడు. పాచిక ఏనుగు మీదుగా దొర్లి, పులి తోక దగ్గర ఆగింది. శశాంక్ వంగి చూసి, "ఒకటి," అన్నాడు.

కావ్య వంగి ఆ అంకె తానూ చూసింది.

"చెయ్యి మాట ఇనలే," అంది కావ్య. "గీసినవ్. ఏం గీసినవ్ బాపూ?"

సారంగపాణి తల దించుకున్నాడు. అబద్ధం చెబుదామనుకున్నాడు. నోరు రాలేదు.

"పులి," అన్నాడు.

కావ్య మొహం బిగపట్టుకుని చూసింది. పెదవులు వణికాయి. ఆ తర్వాత ఇంక ఆగలేక పకపకా నవ్వింది, చాప మీద పడి, కడుపు పట్టుకుని, చిన్నప్పటిలా. శశాంక్ మూడో పులిని తుడిచేద్దామా అని అడిగితే, కళ్లనీళ్లు తుడుచుకుంటూ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు," అంది. "ఉండనియ్యి. గది మా బాపు పెట్టిండు."